గృహవిజ్ఞానము: మసకవెలుతురులో ఛాయాచిత్రము

పగటివేళ వాకిటిలో తీసిన ఛాయాచిత్రము తేటనీటివలె నిర్మలముగా నుండగా, అదే ఫోనుతో, అవే చేతులతో, రాత్రి పూజగదిలో దీపపు వెలుతురున తీసిన చిత్రము ఇసుక చల్లినట్లుండుట మీరందఱును చూచియే యుందురు. నల్లని జడపై ఎఱ్ఱని, పచ్చని, నీలపు చుక్కలు మెఱయును. నున్నని గోడ గఱుకుగా కనబడును. ముఖమునకు దుమ్ము పట్టినట్లుండును. ఈ నలుసులను కెమెరా శాస్త్రజ్ఞులు నాయిస్ అందురు. ధ్వనికి జెందిన పేరు బొమ్మకెట్లు వచ్చెననగా, రేడియోలో పాటకు అడ్డుపడు బుసబుసధ్వని యెట్టిదో, చిత్రమునందు ఈ చుక్కలును అట్టివే. మనము నలుసులనియే చెప్పుకొందము.

మన యిండ్లలో శుభకార్యములు పెక్కు రాత్రివేళనే జరుగును. వివాహముహూర్తము అర్ధరాత్రము దాటినను ఆశ్చర్యము లేదు. దీపావళినాడు ప్రమిదల వరుసకు ప్రమిదల వెలుతురే వెలుతురు. పసికందు కన్నులకు బాధ కలుగునని పురిటిగదిలో దీపము తగ్గింతుము. మంచము పట్టిన ముసలివారు వెలుతురు నోర్వలేరు. అట్టి తావున తీసిన చిత్రమొక్కటే, ఒక్కొక్కప్పుడు, ఒక మనుష్యుని ముఖమునకు మిగిలిన యేకైక సాక్ష్యమగును. నేటి ఫోనులు ఆ నలుసులను తమంతట తామే తుడిచి యిచ్చుచున్నవి. తుడుచునప్పుడు నలుసులు మాత్రమే పోవుచున్నవా, ముఖములోని నిజము కూడ కొంత పోవుచున్నదా యనునది మన మెఱుగవలసిన విషయము. అందుకై మొదట నలుసు లెట్లు పుట్టునో చూతము.

వెలుతురు నీటిధారవలె ఎడతెగక వచ్చునదిగా మనకు తోచును. నిజమునకు అది వానచినుకులవలె కణములు కణములుగా వచ్చును. ఈ సంగతిని 1905లో ఐన్‌స్టీను ప్రతిపాదించెను. ఆ కణములకు ఫోటానులని పేరు. కెమెరాలో పూర్వము ఫిల్ము ఉండుచోట ఇప్పుడు సెన్సరు అను సిలికను పలక యుండును. దానిపై తేనెపట్టు గదులవలె లక్షలకొలది చిన్నచిన్న అఱలుండును. వానినే పిక్సెలు లందురు. ఒక ఫోటాను అఱలో పడిన యెడల సిలికనునుండి ఒక ఎలక్ట్రాను విడివడును. కెమెరా తెఱచియుంచినంతసేపు ఆ ఎలక్ట్రానులు అఱలో ప్రోగుపడును. పిదప యంత్రము ఒక్కొక్క అఱలోని మొత్తమును కొలిచి, ఎక్కువయున్న చోట తెలుపుగను, తక్కువయున్న చోట నలుపుగను బొమ్మను కూర్చును.

ఇక వామనగుంటల పీటను తలచుకొనుడు. దానిలో 14 గుంటలు గలవు. కన్నులు మూసికొని, పీట యంతట సమముగా పడునట్లు 28 ఆవగింజలు పైనుండి చల్లుడు. గుంటకు రెండేసి పడవలసినదే. కాని యొక గుంటలో నాలుగు, వేఱొక గుంటలో ఒకటి, ఇంకొక గుంటలో సున్న. ఇప్పుడు 14,000 గింజలు చల్లుడు. గుంటకు 1000 చొప్పున పడి, హెచ్చుతగ్గులు సుమారు 30 మాత్రమే యుండును. రెండవమాఱు గుంటలన్నియు సమముగనే నిండినట్లు కన్పట్టును. ఫోటానులును ఇట్లే పడును. ఒక అఱలో సగటున 10,000 పడునప్పుడు హెచ్చుతగ్గు సుమారు 100, అనగా నూటికి ఒకటి. 100 మాత్రమే పడునప్పుడు హెచ్చుతగ్గు 10, అనగా నూటికి పది. ఇది వర్గమూలపు లెక్క. కావున నున్నని గోడయొక్క చిత్రమున ప్రక్కప్రక్క అఱలు వేఱువేఱు లెక్కలు చూపును. అవియే నలుసులు. ఎంత వెలగల కెమెరాయైనను ఈ దోషమును పూర్తిగా తప్పించుకొనజాలదు. ఇది యంత్రముయొక్క తప్పు గాదు, వెలుతురుయొక్క స్వభావము.

రంగుల నలుసులకు మఱియొక కారణము గలదు. సిలికను అఱకు రంగులు తెలియవు. అందుచే 1976లో కొడాక్ సంస్థలోని బ్రైస్ బేయరు పేటెంటు పొందిన పద్ధతి ననుసరించి, ఒక అఱకు ఎఱ్ఱని గాజును, రెండింటికి పచ్చని గాజును, ఒకదానికి నీలపు గాజును మూతగా బెట్టుదురు. ప్రతి మూతయు తన రంగునే లోనికి పోనిచ్చి తక్కినదానిని ఆపివేయును. అసలే కొంచెముగా నున్న దీపపు వెలుతురులో మఱికొంత యిట్లు తఱుగును. దీపకాంతిలో నీలము మఱియు తక్కువ. కావున నీలపు అఱలకు మిగుల కొఱత కలుగును.

ఇవిగాక యంత్రమునకు సొంతమైన దోషములు రెండు గలవు. వేడిమివలన, వెలుతురు లేకున్నను, సిలికనునుండి కొన్ని ఎలక్ట్రానులు ఊరకయే విడివడును. ఖగోళశాస్త్రజ్ఞులు తమ కెమెరాలను మిక్కిలి చల్లగా నుంచుట ఇందుకే. రెండవది, కొలుచునప్పుడు కలుగు పొరపాటు. మిక్కిలి స్వల్పమైన విద్యుత్తును కొలుచు సాధనము తానును కొంత వణకును. పగటివేళ ఈ రెండును లెక్కకు రావు. వేయి రూపాయల బేరములో నాలుగు పైసలు ఎవరికి పట్టును? పది పైసల బేరములో అవే నాలుగు పైసలు బేరమును చెఱచును.

ఫోనులో ఐ.ఎస్.ఓ. అను అంకె పెంచినచో చీకటిబొమ్మ వెలుగును గదా, అది చాలదా యని కొంద ఱడుగుదురు. ఆ అంకె అఱలలో పడు ఫోటానులను ఒక్కటియు పెంచదు. వచ్చినదానినే పెద్దదిగా చేసి చూపును. మెల్లగా చెప్పు మాటను లౌడుస్పీకరులో పెట్టినప్పుడు మాటతోబాటు దగ్గును పెద్దదగును. అట్లే బొమ్మతోబాటు నలుసులును పెరుగును.

కావున నలుసులకు మొదటి మందు వెలుతురును ఎక్కువగా పట్టుట. పెద్ద కెమెరాలలో అఱ వెడల్పు సుమారు 6 మైక్రాను లుండును. ఫోనులలో సుమారు 1 మైక్రాను. వెడల్పు ఆఱింతలైన వైశాల్యము 36 ఇంతలు. వెడల్పైన గంగాళమున వాననీరు ఎక్కువ నిలుచుటకును, ఉగ్గుగిన్నెలో తక్కువ నిలుచుటకును శాస్త్ర మక్కఱలేదు. ఫోనులో స్థలము లేనందున అఱలను పెంచలేక, కొందఱు నాలుగు అఱల లెక్కను కలిపి యొకటిగా ఎంచు పద్ధతి నవలంబించిరి. 48 మెగాపిక్సెలుల ఫోను రాత్రివేళ 12 మెగాపిక్సెలుల చిత్రము నిచ్చుటకు ఇదియే కారణము. కొనునప్పుడు పెద్ద అంకె చూచి మోసపోవలదని దీనివలన గ్రహింపవలెను.

రెండవ మందు సెన్సరు కట్టుబాటులోనే యున్నది. ఇది పెక్కురు పెద్దల కృషి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనువారు సి.సి.డి. అను తొలి విధమును కల్పించి, 2009లో నోబెలు బహుమానము నందిరి. 1980లో జపానుదేశమున ఎన్.ఈ.సీ. సంస్థలో నొబుకాజు తెరానిషి అఱయొక్క పైపొరను కాపాడి, వేడిమివలన ఊరకయే పుట్టు ఎలక్ట్రానులను మిక్కిలి తగ్గించు నిర్మాణమును కనుగొనెను. 1990 తరువాత నాసాకు జెందిన జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫోసమ్ ప్రతి అఱకును ప్రత్యేకముగా ఒక చిన్న వర్ధకము నమర్చిన సీమాస్ సెన్సరును వృద్ధిచేసెను. నేడు మన చేతులలోని ఫోనులన్నిటిలోను ఉన్నది ఈ వంశమే.

ఈ సెన్సరులు చేయు నొక చిన్న యుపాయము మనకు చిరపరిచితము. బజారులో నూనె కొనునప్పుడు గిన్నెకు ముందు ధడెము కట్టి, పిదప నూనె పోయించుకొందుము గదా! సెన్సరును అదే చేయును. అఱను ఖాళీ చేసినను ప్రతిమాఱును కొంత విద్యుత్తు అడుగున మిగులును. అది యొకమాఱు మిగిలినంత మఱియొకమాఱు మిగులదు. కావున యంత్రము ముందుగా ఖాళీ గిన్నెను తూచి, తరువాత వెలుతురు తెచ్చిన ఎలక్ట్రానులను దానిలోనికి దింపి, మరల తూచి, మొదటిదానిని రెండవదానినుండి తీసివేయును. ధడెము పోగా నిలిచినదే అసలు సరకు.

ఇంకొకటి. మొదటి సెన్సరులలో విద్యుత్తును మోయు తీగలు అఱలకు పైన నుండెడివి. ఎండబెట్టిన వడియములపై దండెమునందలి బట్టల నీడ పడినట్లు, ఆ తీగలు వెలుతురులో కొంత నడ్డగించెడివి. సోనీ సంస్థ 2008లో పలకను తిరుగవేసి, వెనుకవైపు మిక్కిలి పలుచన చేసి, ఆ వైపునుండియే వెలుతురు పడునట్లు చేసిన సెన్సరును ప్రకటించి, 2009లో కెమెరాలలో ప్రవేశపెట్టెను. తీగలు క్రిందికి పోయినవి, ఎండ తిన్నగా వడియములపై పడినది. ప్రతి అఱపైన నొక చిన్ని కటకము నుంచి, అంచులలో పడు ఫోటానులను నడుమకు మళ్ళించుటయు కలదు.

మూడవ మందు ఓరిమి. పదిమంది కూడి హారతిపాట పాడునప్పుడు ఒకామె గొంతు కొంచెము హెచ్చును, మఱియొకామె గొంతు కొంచెము తగ్గును. తప్పులు వేఱువేఱైనందున ఒకదాని నొకటి కప్పివేయును. పాట మాత్రము అందఱికిని ఒకటే కనుక అది నిలుచును. రాత్రివేళ ఫోను చేయునది యిదియే. మన మొక్కమాఱు మీట నొక్కినను అది వెంటవెంటనే పెక్కు చిత్రములు తీసి, చేతివణకువలన తప్పిన చోటులను సరిపఱచి, యొకదానిపై నొకటి పేర్చి సగటు కట్టును. నాలుగు చిత్రములు కలిపిన నలుసులు సగమగును, 9 కలిపిన మూడవవంతగును, 16 కలిపిన నాలుగవవంతగును. గూగులు సంస్థ 2018 నవంబరులో తన పిక్సెలు ఫోనుల కిచ్చిన నైట్ సైట్ అను పద్ధతి ఒక్కచిత్రమునకై 15 వఱకు చిత్రములను కలిపెను. ఫోను చేతిలో గాక స్థిరమైన పీఠముపై నున్నచో ఒక్కొక్కదానికి ఒక సెకండు వఱకు వెలుతురును పట్టెను. ఆపిలు సంస్థయు 2019లో ఐఫోను 11తో ఇట్టి రాత్రివిధమును తెచ్చెను.

ఈ యోరిమికి రెండు హద్దులు గలవు. చిత్రము తీయుచుండగా పిల్లవాడు తల త్రిప్పినచో ముందటి చిత్రములోని తలయు, తరువాతి చిత్రములోని తలయు కలియవు. మంచి ఫోను అట్టిచోట కలుపుట మాని యొక చిత్రమునే తీసికొనును. కావుననే గోడ నున్నగ నుండి పిల్లవాని ముఖమున మాత్రము నలుసులు మిగులుట కద్దు. రెండవది, పదిమందియు ఒకే తప్పును పాడినచో ఎంతమంది కూడినను తప్పు తప్పుగనే నిలుచును. సెన్సరులో కొన్ని అఱలు ఎల్లప్పుడును ఎక్కువగానే పలుకును. వానికి సగటు పనిచేయదు. చాలసేపు తెఱచి తీయునప్పుడు పెద్ద కెమెరాలు మూత మూసికొని అంతసేపే యొక చీకటిచిత్రమును తీసి, అందు కనబడిన చుక్కలను అసలు చిత్రమునుండి తీసివేయును. ఇదియు ధడెమే.

ఇంతవఱకు చెప్పినవన్నియు ధర్మమైన మార్గములు. వచ్చిన వెలుతురునే పట్టినవి, కొలిచినవి, కూడినవి. లేనిదానిని కల్పింపలేదు. ఇక నాలుగవ మందు గలదు. దానిని జాగరూకతతో వాడవలెను. అది తుడుపు. ప్రక్కప్రక్క అఱలను కలిపి సగటుచేసిన నలుసులు మాయును గాని అంచులును మాయును. అంచులను కాపాడుచు తుడుచు లెక్క నొకదానిని 1998లో టొమాసి, మండూచి అనువారు చెప్పిరి. చిత్రమంతట వెదకి ఒకదానినొకటి పోలిన తునుకలను కలిపి సగటుచేయు లెక్కను 2005లో బువాడెస్, కోల్, మోరెల్ అనువారు చెప్పిరి. ఇటీవల లక్షల చిత్రములు చూపి నేర్పిన యంత్రములే తుడుచుచున్నవి.

ఎట్లు తుడిచినను చిక్కొకటే. జల్లెడకు ఇసుకయు సన్ననూకలును ఒకటే. ఇసుక జాఱిన కన్నములోనుండియే నూకలును జాఱును. చీకటిబొమ్మలో ఒక నల్లచుక్క నలుసో, పుట్టుమచ్చయో యంత్రము నిశ్చయింపలేదు. సన్నని గీత దోషమో, డెబ్బది యేండ్ల నవ్వువలన పడిన ముడుతయో దానికి తెలియదు. సందేహము కలిగినచోట తుడిచివేయును. నేర్చిన యంత్రములు ఇంకొక మెట్టెక్కి, తుడిచినచోట ఇట్లుండవచ్చునని తామే చర్మమును, వెండ్రుకలను కల్పించి పెట్టగలవు. అది చూచుటకు బాగుండును, కాని అది మన అత్తగారి చర్మము గాదు.

ఇందు మఱియొక యన్యాయము గలదు. చామనచాయ గలవారి ముఖము తెల్లనివారి ముఖముకన్న తక్కువ ఫోటానులను తిరుగ పంపును. ఫోటానులు తక్కువైనచోట నలుసు లెక్కువ. నలుసు లెక్కువయైనచోట తుడుపును ఎక్కువ. కావున ఒకే పందిరిలో, ఒకే చిత్రములో, తెల్లని పిల్ల కనుబొమలు లెక్కింప వీలుగా నుండగా, నల్లని పిల్ల ముఖము మైనపుబొమ్మవలె నగును. ఆపై కొన్ని యంత్రములు రంగును తెలుపుచేసి యుపకారము చేసితిమనుకొనును. నీలమేఘశ్యాముని కొలుచు దేశమున, కృష్ణయను పేరుతోనే ద్రౌపది ప్రసిద్ధికెక్కిన కథలు విన్న మనము, బిడ్డల రంగును యంత్రమునకు దిద్ద నిచ్చుట తగునా? గూగులు సంస్థ 2021లో పిక్సెలు 6తో రియల్ టోన్ అని నల్లనివారి వర్ణమును ఉన్నదున్నట్లు చూపు ప్రయత్నము నారంభించుట ఈ లోపము లోకములో గుర్తింపబడినదనుటకు నిదర్శనము.

మే మీ సంగతిని ఇంటిలోనే పరీక్షించి చూచితిమి. పూజగదిలో నొక నూనెదీపము వెలిగించి, దానికి నాలుగడుగుల దూరమున నేతచీర మడతను పెట్టి చేతితో చిత్రము తీసితిమి. చీర రంగు వచ్చెను గాని నేతపోగులు కలసిపోయి కాగితమువలె నుండెను. పిదప ఫోనును పుస్తకముల దొంతరకు ఆనించి, రాత్రివిధమున, మూడు సెకండుల గడువు మీటతో తీసితిమి. పోగులు కొన్ని కనబడెను. మూడవమాఱు దీపమును రెండడుగులకు జరిపితిమి. అంచునందలి చిన్న కుట్టు సైతము కనబడెను. దూరము సగమైనచో చిన్నదీపపు వెలుతురు నాలుగింతలగును. వెలుతురు నాలుగింతలైన నలుసులపాలు సగమగును. ఫోను మార్చుటకన్న దీపము జరుపుట మేలని మాకు తోచినది.

కావున సోదరీమణులకు మా మనవి యిది. ఇంటి పెద్దల చిత్రము తీయదలచినప్పుడు మొదట ఫోను కటకమును మెత్తని గుడ్డతో తుడువుడు. వంటయింటి నూనెచేతుల గుఱుతులు దీపమును మబ్బుగా చూపును. దీపమును ముఖమునకు ఒక ప్రక్కగా దగ్గఱకు తెండు. ఎదుటిప్రక్క తెల్లని పంచె నొకదానిని పట్టించినచో దానిపై పడిన వెలుతురు నీడవైపు చెంపకు తిరుగ వచ్చును. ఫోనును బల్లకో, చెంబుకో ఆనించి, గడువు మీట పెట్టుడు. వ్రేళ్ళతో బొమ్మను పెద్దదిచేయక, మీరే రెండడుగులు ముందుకు నడువుడు. సౌందర్యము పెంచుదునను విధ మేదైన నున్నచో దానిని ఆపుడు. కొన్ని ఫోనులలో సెన్సరు లెక్కను తుడువక దాచు రా అను విధము గలదు. ముఖ్యమైన చిత్రములకు దానిని కూడ ఉంచికొనుడు. తుడిచినదానిని మరల తేలేము గాని, తుడువనిదానిని ఎప్పుడైనను తుడువవచ్చును.

ఇంతచేసినను నలుసులు కొన్ని మిగిలిన మిగులనిండు. అవి ఆనాడు ఆ గదిలో దీప మెంత చిన్నదో చెప్పు గుఱుతులు. అమ్మమ్మ చెంపపై ముడుతలు పోయి నలుసులు లేని చిత్రముకన్న, నలుసులతోబాటు ముడుతలును ఉన్న చిత్రమే మనుమరాలికి మనము విడిచిపోదగిన సొత్తు. ఆ ముడుతలను చూచియే గదా ఆమె, తన కన్నతల్లి నవ్వు ఎక్కడినుండి వచ్చినదో తెలిసికొనవలసినది.

వచ్చుమాసమున పాత కాగితపు ఛాయాచిత్రములను చెద, చెమ్మలనుండి కాపాడుకొను విధమును గూర్చి ముచ్చటింతము.